మగ్గంతో పోటీకి దిగిన సూది: కశ్మీరు అమ్లీ శాలువా
భారతీయ సూదిపని చరిత్ర – నాలుగో భాగం

కశ్మీరు శాలువాలు రెండు రకాలు. పూలూ తీగలూ మగ్గం మీదే నేతలో కలిసి వచ్చేది కనీ శాలువా. సాదాగా నేసిన గుడ్డ మీద తర్వాత సూదితో కుట్టేది అమ్లీ శాలువా. మొదటిది మొగలుల దర్బారులో పేరు తెచ్చుకున్న సరుకు. రెండోది పెద్ద ఎత్తున బజారుకు వచ్చింది 19వ శతాబ్దం మొదట్లో, అదీ మొదటిదానికి చవక నకలుగా. ఎనభై ఏళ్లు తిరిగేసరికి కనీ మగ్గాలు చాలావరకు మూలపడ్డాయి. సూది మాత్రం ఆగలేదు. ఇవాళ చేతి ఎంబ్రాయిడరీతో కశ్మీరు నుంచి వచ్చే శాలువాలు, స్టోల్స్, స్కార్ఫులు ఆ సూదిపని వారసత్వమే. చినిగిన బట్టకు రఫూ చేసే పనివాళ్ల చేతుల్లోంచి ఈ కళ ఎలా ఎదిగిందన్నదే ఈ భాగంలోని విషయం.

పష్మ్, దాని ప్రయాణం

లదాఖ్ తూర్పున టిబెట్ దాకా పరుచుకున్న చాంగ్‌థాంగ్ పీఠభూమి సముద్రమట్టానికి 4,000 మీటర్లకు పైన ఉంటుంది. చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీల దిగువకు పడిపోతుంది. ఆ చలిని తట్టుకోవడానికి అక్కడి మేకలకు పైవెంట్రుకల కింద మెత్తని నూగు పెరుగుతుంది. అదే పష్మ్, దాంతో నేసిన గుడ్డ పష్మీనా. పోగు మందం 12 నుంచి 16 మైక్రాన్లు. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లుంటుంది. ఎండలు మొదలయ్యేసరికి ఈ నూగు దానంతటదే ఊడిరావడం మొదలవుతుంది. చాంగ్పా సంచార పశుపాలకులు అప్పుడు మేకలను దువ్వెనలతో దువ్వి దాన్ని సేకరిస్తారు. ఒక మేక ఏడాదికి ఇచ్చేది కొద్ది వందల గ్రాములే. ముతక వెంట్రుకలు ఏరేశాక మిగిలేది ఇంకా తక్కువ.

పశ్చిమ టిబెట్ పష్మ్ లదాఖ్ మీదుగా కశ్మీరుకు చేరే ఏర్పాటు 1684 నాటి తింగ్‌మోస్‌గాంగ్ ఒప్పందంతో గట్టిపడింది. ఆ ఒప్పందం వల్ల ముడిసరుకు దారి కశ్మీరు వర్తకుల చేతికి వచ్చింది. మరో ఊరి నేతగాళ్లు పోటీకి రాలేకపోవడానికి ఇదొక ప్రధాన కారణం. శ్రీనగర్ చేరిన పష్మ్‌ను ఆడవాళ్లు బియ్యప్పిండి పట్టించి జిడ్డు తీసి, చేత్తో చిక్కు విడదీసి, యిందర్ అనే రాట్నం మీద వడికేవారు. నూలు మగవాళ్ల మగ్గాలకు వెళ్లి, ఏటవాలు గీతలు కనిపించే నేతగా మారేది. ఈ పనివిభజన చాలావరకు ఇప్పటికీ అలాగే ఉంది.

దర్బారు వస్త్రం

శాలువా పరిశ్రమకు మూలపురుషుడిగా కశ్మీరీలు 15వ శతాబ్దపు సుల్తాను జైనుల్ ఆబిదీన్‌ను చెప్పుకుంటారు. మధ్య ఆసియా నుంచి నేతగాళ్లను రప్పించాడని ప్రతీతి. 1586లో కశ్మీరును కలుపుకున్న అక్బరుకు శాలువాలంటే ప్రత్యేక మక్కువ. రెండు శాలువాలను వెనుకవైపులు కలిపి కుట్టించి, ఏ వైపు నుంచీ తప్పుముఖం కనిపించకుండా ధరించే దోశాలా పద్ధతిని ఆయనే మొదలుపెట్టాడని అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లో రాశాడు. తెలుగువారి నోట ‘దుశ్శాలువా’గా స్థిరపడింది ఇదే.

1665లో ఔరంగజేబు పరివారంతో కశ్మీరు వెళ్లిన ఫ్రెంచి వైద్యుడు ఫ్రాన్స్వా బెర్నియర్ చూసిన శాలువాలకు రెండు చివర్లా సుమారు ఒక అడుగు మేర మాత్రమే అలంకారం ఉండేది. పట్నా, ఆగ్రా, లాహోరుల్లో వాటిని అనుకరించే ప్రయత్నాలు జరిగినా ఆ మెత్తదనం రాలేదని ఆయన రాశాడు. ఆ రోజుల్లో చివర్ల మీది బూటా అంటే వేరుతో, ఆకులతో, ఒకే పువ్వుతో సన్నగా నిలబడిన మొక్క. 18వ శతాబ్దంలో ఆ మొక్క చుట్టూ పూలు గుమిగూడి గుత్తి అయింది. 1800 నాటికి గుత్తికి గట్టి అంచు ఏర్పడి, కొస ఒక పక్కకు వంగి, తెలుగు చీరల అంచుల్లో మామిడిపిందెగా పిలిచే ఆకారం వచ్చింది. 19వ శతాబ్దంలో ఈ పిందెలు అంతకంతకూ సాగి, చివరికి శాలువా నడిమి భాగాన్ని కూడా ఆక్రమించాయి. బూటా పెరిగేకొద్దీ నేత పని పెరిగింది. నేత పని పెరిగేకొద్దీ కాలం, ఖర్చు పెరిగాయి. సూదికి దారి తెరిచింది ఈ ఖర్చే.

నేతశాలలో రఫూగర్

కనీ నేతలో అడ్డపోగు ఈ చివర నుంచి ఆ చివరకు పోదు. ఒక్కో రంగు నూలు ఒక్కో చిన్న కర్రపుల్లకు చుట్టి ఉంటుంది. ఆ రంగు అవసరమైనంత మేరే పుల్లను నిలువు పోగుల మధ్య తిప్పి వెనక్కి తెస్తారు. నమూనాలు వేసే నక్కాష్ గీసిన బొమ్మను తాలీం అనే సంకేత లిపిలోకి మారుస్తారు. ఏ రంగు ఎన్ని పోగుల మీదుగా పోవాలో అందులో రాసి ఉంటుంది. నేతగాడు దాన్ని బట్టే నేస్తాడు. ఇద్దరు ముగ్గురు మనుషులు ఒకే మగ్గం మీద కూర్చున్నా, పని నిండుగా ఉన్న శాలువాకు ఏడాదిన్నర పట్టేది.

పెట్టుబడి అన్నాళ్లు ఇరుక్కుపోకుండా 19వ శతాబ్దం మొదట్లో వర్తకులు ఒక ఉపాయం పట్టారు. ఒకే శాలువాను ముక్కలుగా విడగొట్టి వేర్వేరు మగ్గాలకు పంచారు. కొన్ని శాలువాలకు ఎనిమిది మగ్గాలు పనిచేసేవి. ఆ శతాబ్దం చివరి భాగానికి 1,500 ముక్కలతో కూర్చిన శాలువాలు కూడా ఉండేవని చెబుతారు. ఈ ముక్కలను అతుకు కనబడకుండా కలపడం రఫూగర్ పని. చిరిగిన పాత శాలువాలో పోయిన పోగుల స్థానంలో కొత్త పోగులు ఎక్కించి, నేత ఏదో రఫూ ఏదో తేలకుండా చేయడమూ అతని విద్యే. అప్పటిదాకా అతను మగ్గం వెనుక నిలబడ్డ సహాయకుడు మాత్రమే.

1803: కొత్త లెక్క

1803లో ఇస్తాంబుల్‌లోని ఒక వర్తక సంస్థ తరఫున ఖ్వాజా యూసుఫ్ అనే ఆర్మీనియన్ కశ్మీరుకు వచ్చాడు. పశ్చిమ దేశాల బజారుకు నచ్చే నమూనాలతో శాలువాలు చేయించడం అతని పని. మగ్గం మీద నేసే అవే పూలను సాదా గుడ్డ మీద సూదితో కుట్టిస్తే మూడో వంతు ఖర్చుతో పని పూర్తవుతుందని అతను గ్రహించాడు. అలీ బాబా అనే స్థానిక రఫూగర్ చేత మొదటి నమూనాలు కుట్టించాడని చెబుతారు. సూదితో అలంకరించడం లోయకు బొత్తిగా తెలియని పని కాకపోవచ్చు. దాన్ని ఎగుమతి వ్యాపారంగా నిలబెట్టిన పేరు మాత్రం యూసుఫ్‌దే.

కూలి ఒక్కటే ఈ లెక్కను తేల్చలేదు. 1752 ప్రాంతంలో మొగలుల చేతి నుంచి కశ్మీరు అఫ్గాన్ల చేతికి పోయింది. 1776–83 మధ్య సుబేదారుగా ఉన్న హాజీ కరీం దాద్ ఖాన్ హయాంలో ‘దాగ్-ఎ-శాల్’ అనే పన్ను వ్యవస్థ నెలకొంది. నేసిన ప్రతి శాలువాకూ సర్కారు ముద్ర పడాలి. ముద్ర పడాలంటే పన్ను కట్టాలి. 1823 నాటికి కనీ శాలువా మీద ఆ పన్ను ధరలో 26 శాతానికి చేరింది. మగ్గం మీద పూసిన పువ్వుకు పన్ను ఉంది, సూదితో పూసిన పువ్వుకు లేదు. వర్తకుడికి ఇంతకంటే మంచి కబురు ఇంకేముంటుంది?

ఈ వివరాలు నమోదు చేసినవారిలో ముఖ్యుడు విలియం మూర్‌క్రాఫ్ట్. ఈస్టిండియా కంపెనీ గుర్రాల పెంపక కేంద్రాన్ని చూసే పశువైద్యుడైన ఆయన 1822–23లో కశ్మీరులో ఉండి, ముడి పష్మ్ నుంచి అమ్మకం దాకా శాలువా పరిశ్రమను దశలవారీగా రాసుకున్నాడు. 1803లో ఈ కుట్టుకు తగిన నేర్పున్న పనివాళ్లు లోయలో కొద్దిమందే. ఇరవై ఏళ్లలో ఆ సంఖ్య సుమారు 5,000కు పెరిగిందని అంచనా. 1819లో కశ్మీరును గెలిచిన రంజీత్ సింగ్ పాలనలో భూములు పోగొట్టుకున్నవారు చాలామంది ఈ సూది పట్టుకున్నారు. మగ్గం కావాలి, స్థలం కావాలి, తాలీం చదవగల గురువు కావాలి అనే బెడద సూదికి లేదు.

కుట్టే క్రమం

అమ్లీ పని గుడ్డను సిద్ధం చేయడంతో మొదలయ్యేది. చదునైన పలక మీద శాలువాను పరిచి, నునుపు పెట్టిన అకీకు రాయితో రుద్ది సాపు చేసేవారు. కాగితం మీది బొమ్మ గీతల వెంట సన్నని రంధ్రాలు పొడిచి, గుడ్డ మీద పెట్టి, బొగ్గుపొడి లేదా రంగుపొడి అద్దేవారు. ఇప్పుడు చాలాచోట్ల అక్రోటు చెక్కలో చెక్కిన అచ్చులతో గీతలు వేస్తారు. కడిగితే పోయే రంగు వాడతారు కాబట్టి పని పూర్తయ్యాక గీత కనబడదు. అచ్చు వేసేవాడు, కుట్టేవాడు, కడిగేవాడు వేర్వేరు మనుషులు.

కుట్టేవాడు చట్రం బిగించడు. గుడ్డను ఒడిలో మోకాలి మీద పరుచుకుని కూర్చుంటాడు. నేతను అనుకరించాలి కాబట్టి తొలి అమ్లీకార్లు రఫూ కుట్టు, కాడకుట్టు ఎక్కువగా వాడారు. సూది గుడ్డను నిలువునా గుచ్చి ఆవలికి పోకుండా, ఒక్కో నిలువు పోగును పైపైన అందుకుంటూ సాగుతుంది. అందువల్ల కుట్టు ఉబ్బెత్తుగా లేవక నేతలా చదునుగా ఉంటుంది. కొన్ని మంచి అమ్లీ శాలువాలను కనీ శాలువాల పక్కన పెడితే, వెనుకవైపు తిప్పి చూస్తే తప్ప తేడా తెలియదు.

రంగుల విషయంలోనూ మూర్‌క్రాఫ్ట్ రాతలే ఆధారం. మొగలుల కాలంలో అద్దకందార్లు 300కు పైగా ఛాయలు వాడేవారని, తన కాలానికి 64 మాత్రమే మిగిలాయని ఆయన నమోదు చేశాడు. ఎరుపుకు లక్క, కిర్మిజ్ పురుగు, నీలానికి నీలిమందు, పసుపుకు కుసుమపువ్వు, కుంకుమపువ్వు. ఆకుపచ్చ మాత్రం విచిత్రమైన దారిలో వచ్చేది: ఇంగ్లండు నుంచి దిగుమతైన ఉన్ని బట్టను ఉడకబెట్టి అందులోని రంగును లాగేవారు.

నకలు నుంచి సొంత బాణీకి

నేతకు నిలువు, అడ్డపోగుల హద్దు ఉంది. వంపు తిరిగిన గీతను కూడా మగ్గం చిన్న చిన్న మెట్లుగానే నేయగలదు. సూదికి ఆ హద్దు లేదు. అనుకరణతో మొదలైన అమ్లీకార్లు ఈ వెసులుబాటును త్వరలోనే వాడుకున్నారు. 1830 ప్రాంతం నుంచి మనుషుల బొమ్మలతో, పారశీక ప్రేమకథల ఘట్టాలతో కుట్టిన శాలువాలు కనిపిస్తాయి. గుర్రపు రౌతులు, వేటలు, తోటల్లో కూర్చున్న జంటలు అంచుల్లోకి దిగారు. ఇంకొంత కాలానికి శ్రీనగర్ పటాన్నే శాలువా మీద కుట్టారు. దాల్ సరస్సు, జీలం వంపులు, వంతెనలు, తోటలు, ఇళ్లు, పడవలు ఉన్న అలాంటి శాలువా ఒకటి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మగ్గం మీద ఇలాంటిది ఎవరూ తలపెట్టరు.

ఈలోగా యూరప్‌లో గిరాకీ పెరిగింది. 1798–1801 నాటి ఈజిప్టు దండయాత్ర నుంచి తిరిగివచ్చిన నెపోలియన్ సేనాధికారులు కశ్మీరు శాలువాలను పారిస్‌కు తీసుకెళ్లారు. సామ్రాజ్ఞి జోసెఫీన్ వాటిని ధరించి చిత్రపటాలకు కూర్చుంది. ఎడింబరో, నార్విచ్, స్కాట్లండులోని పేస్లీ ఊళ్లు అనుకరణ శాలువాలు నేశాయి. మామిడిపిందె బొమ్మకు పశ్చిమ దేశాల్లో ఆ మూడో ఊరి పేరే నిలిచిపోయింది. 1804 ప్రాంతంలో వచ్చిన జకార్డ్ మగ్గం ఆ అనుకరణను ఇంకా చవక చేసింది. శతాబ్దం మధ్యకు ఫ్రెంచి ఏజెంట్లు శ్రీనగర్‌లోనే మకాం వేసి, పారిస్‌లో గీయించిన నమూనాలను కశ్మీరు పనివాళ్ల చేత చేయించారు. యంత్రం కశ్మీరును చూసి నేర్చుకుంటే, ఇప్పుడు కశ్మీరు యంత్రాన్ని అనుకరించింది.

పతనం, సూది నిలబడిన తీరు

1846లో కశ్మీరు డోగ్రా రాజుల చేతికి వచ్చింది. అందుకు కుదిరిన అమృత్‌సర్ ఒప్పందం ప్రకారం డోగ్రా రాజు గులాబ్ సింగ్ బ్రిటిషువారికి ఏటా ఒక గుర్రం, 12 శాలువా మేకలు, మూడు జతల కశ్మీరు శాలువాలు కప్పంగా ఇవ్వాలి. అంత గౌరవమున్న సరుకు తయారుచేసేవాళ్ల బతుకు మాత్రం దుర్భరం. పన్ను అడ్తీదారు మీద పడితే అతను దాన్ని నేతగాడి కూలిలోంచి లాగేవాడు. అప్పు తీరనిదే మగ్గం వదిలే వీల్లేదు, లోయ దాటే వీలు అంతకన్నా లేదు. అయినా 1833 కరువు నాటి నుంచే దొంగదారిన పంజాబు చేరినవాళ్లు అమృత్‌సర్, లూధియానా, నూర్పూర్‌లలో మగ్గాలు పెట్టుకున్నారు. 1865 ఏప్రిల్ 29న శ్రీనగర్‌లోని జాల్దగర్ దగ్గర శాలువా నేతగాళ్లు పన్నుకు వ్యతిరేకంగా ఊరేగింపు తీశారు. సైనికులు వారిని వంతెన మీదికి తరిమారు. నీళ్లలో పడి 28 మంది చనిపోయారని చరిత్రకారులు లెక్కకట్టారు.

తర్వాత దెబ్బ బయటి నుంచి వచ్చింది. 1870–71లో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య యుద్ధంతో పారిస్ బజారు కూలింది. అదే కాలంలో ఫ్యాషన్ మారింది: వెనుకవైపు ఉబ్బెత్తుగా ఉండే గౌన్ల మీద పెద్ద శాలువా కప్పుకునే వీలు లేకపోయింది. 1877–79 కరువులో లోయలో లెక్కలేనంత మంది చనిపోయారు. నేతగాళ్లు వారిలో ఎక్కువ. తాలీం చదవగలిగినవాళ్లు, నేయగలిగినవాళ్లు కరిగిపోవడంతో పెద్ద మగ్గాలు మూతపడ్డాయి.

ఈ పతనంలో సూది పూర్తిగా పడిపోకపోవడానికి కారణాలు దాని పుట్టుకలోనే ఉన్నాయి. ఒక్క మనిషి, ఒక సూది, కొంత గుడ్డ ఉంటే పని సాగుతుంది. పెద్ద శాలువాకు కొనుగోలుదారు లేకపోతే చిన్న గుడ్డ మీద, మెడచుట్టూ వేసుకునే పట్టీ మీద, బల్లగుడ్డ మీద అవే పూలు కుట్టవచ్చు. వేసవి విడిదికి వచ్చే ఆంగ్లేయులు, ఆ తర్వాత దేశీయ పర్యాటకులు అలాంటి చిన్న సరుకులే అడిగారు. రాజదర్బారు, పారిస్ రెండూ పోయాక పరిశ్రమ ఈ కొత్త కొనుగోలుదార్ల మీద నిలబడింది.

నేటి కుట్లు

అమ్లీ వారసత్వంలో నేడు అన్నిటికన్నా ప్రసిద్ధమైనది సోజ్నీ. సన్నని సూది, ఒంటిపోగు పట్టు లేదా నూలు దారం, పైపైన అందుకునే చిన్న కుట్లు దీని లక్షణం. శ్రీనగర్‌లోని జడీబల్ ప్రాంతం, బడ్గామ్ జిల్లా గ్రామాలు దీనికి పట్టుకొమ్మలు. ఒకప్పుడు ప్రధానంగా మగవాళ్లు చేసిన ఈ పని ఇప్పుడు ఇళ్లలో ఆడవాళ్లూ చేస్తున్నారు. రెండు వైపులా ఒకేలా కనిపించేలా కుట్టే దోరుఖా సోజ్నీకి దారం ముడులన్నీ కుట్టులోనే దాచాలి కాబట్టి చేయి తిరిగినవాళ్లే దాని జోలికి వెళతారు.

శాలువాలోని భాగాలకు పనివాళ్ల వాడుకలో వేర్వేరు పేర్లున్నాయి. చుట్టూ సాగే సన్నని అంచు హాషియా. రెండు చివర్ల వెడల్పు పట్టీ పల్లా. నడిమి భాగం మతన్. మూలల్లో కుట్టేది కుంజ్. అంచు మాత్రమే ఉన్నదానికి కొన్ని వారాల పని చాలు. నడుమంతా తీగలతో అల్లుకున్న జాలదార్‌కు నెలలు పడతాయి. గుడ్డ ఎక్కడా కనబడనంత నిండుగా కుట్టిన జామావార్‌కు ఏళ్లే పడతాయి.

మరో రెండు కుట్లు కూడా శాలువాల మీద కనిపిస్తాయి. ఆరీ పనిలో కొక్కెం ఉన్న సూదితో గొలుసుకుట్టు వేస్తారు. తెలుగునాట జాకెట్ల మీద ‘మగ్గం వర్క్’ చేసేవాళ్లు వాడే సూదీ ఈ జాతిదే. వాళ్లు గుడ్డను చట్రానికి బిగిస్తే కశ్మీరీ ఆరీ పనివాడు ఒడిలో పెట్టుకుంటాడు. ఆరీ వేగంగా సాగుతుంది కాబట్టి ధర తక్కువ. తిల్లా పనిలో బంగారు, వెండి రంగు లోహపు జరీని గుడ్డ పైన పరిచి, మరో సన్నని దారంతో బిగిస్తారు. ఇది పెళ్లి శాలువాల మీద, ఫెరన్ అనే వదులైన కశ్మీరీ అంగీల మీద ఎక్కువ.

అసలు సరుకును గుర్తించడం

కశ్మీరు పష్మీనాకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోగు 16 మైక్రాన్లకు మించకూడదు, చేత్తో వడకాలి, చేతిమగ్గం మీద నేయాలి అన్నవి అందులోని ప్రధాన షరతులు. శ్రీనగర్‌లోని క్రాఫ్ట్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న కేంద్రంలో పరీక్ష నెగ్గిన వస్త్రానికి ముద్రపట్టీ అంటిస్తారు. 2021లో యునెస్కో శ్రీనగర్‌ను హస్తకళల విభాగంలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది.

ఉంగరంలోంచి దూరితే అసలు పష్మీనా అన్న మాట నమ్మదగ్గది కాదు. పలచని విస్కోస్ గుడ్డ కూడా దూరుతుంది. అంచు నుంచి ఒక పోగు లాగి కాలిస్తే పష్మ్ వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అవుతుంది. నైలాన్, పాలిస్టర్ కరిగి ఉండ కడతాయి. అయితే ఇది జంతువుల ఉన్ని అని మాత్రమే చెబుతుంది. మామూలు గొర్రె ఉన్ని నుంచి పష్మ్‌ను తేల్చేది సూక్ష్మదర్శినే. కుట్టు సంగతి వెనుకవైపు తిప్పితే తెలుస్తుంది. యంత్రపు కుట్టుకు వెనుక వేరే దారం సమంగా పరుగెడుతుంది, ప్రతి పువ్వూ అచ్చు గుద్దినట్లు ఒకేలా ఉంటుంది. చేతికుట్టులో పూరేకుల కొలతలు కొంచెం మారుతాయి, దారం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దాటిన జాడలు కనిపిస్తాయి.

షాతూష్ పేరుతో ఎవరైనా అమ్మజూపితే కొనకూడదు. అది చీరూ అనే టిబెట్ జింక నూగు. ఆ జింకను చంపితే తప్ప ఆ నూగు రాదు. 1979 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారమూ నేరమే.

ధరించే పద్ధతులు

మొగలు దర్బారులో దోశాలా భుజాల మీద వేసుకునే వస్త్రం. పాదుషా ఇచ్చే ఖిలత్ అనే బహుమాన వస్త్రాల్లో శాలువాకు చోటుండేది. తెలుగుదేశంలో పండితులకు, కళాకారులకు శాలువా కప్పే సన్మానాలు ఇలాంటి ఆస్థాన మర్యాదలకు కొనసాగింపే. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం వస్త్ర సంపదలో కశ్మీరు శాలువాలూ ఉన్నాయి. యూరప్ స్త్రీలు చదరపు శాలువాను మూలగా మడిచి వీపున వేసుకున్నారు. నడుమ గుండ్రటి పతకం, మూలల్లో పావు పతకాలు ఉండే చాంద్‌దార్ శాలువాలకు ఆ మడత బాగా నప్పింది.

ఇప్పటి కొలతలు సుమారుగా ఇలా ఉంటాయి: స్టోల్ 70 సెంటీమీటర్ల వెడల్పు, 2 మీటర్ల పొడవు, ఆడవాళ్ల శాలువా మీటరు వెడల్పు, 2 మీటర్ల పొడవు, మగవాళ్లది ఇంకా పెద్దది. పల్లా మీద పని నిండుగా ఉన్నదాన్ని మెడచుట్టూ చుడితే పని అంతా మడతల్లో పోతుంది; ఒక భుజం మీద నిలువుగా జారవిడిస్తే కనిపిస్తుంది. అంచు పని మాత్రమే ఉన్నది మెడకు చుట్టుకోవడానికి అనువు. పెద్ద అంచు ఉన్న పట్టుచీర మీద జామావార్ వేస్తే రెండింటి పనీ ఒకదాన్నొకటి మింగేస్తాయి. సాదా రంగు చీర లేదా కుర్తా దానికి సరైన జోడు. దోరుఖా అయితే ఏ వైపైనా వేసుకోవచ్చు. చలి అంతగా లేని తెలుగు జిల్లాల్లో పూర్తి శాలువాకు వాడుక తక్కువ. మార్గశిర, మాఘ మాసాల పెళ్లిళ్లకు, ఏసీ హాళ్లకు, రాత్రి ప్రయాణాలకు స్టోల్ సరిపోతుంది. పిన్నీసు గుచ్చితే పోగు తెగుతుంది. రాళ్ల గాజులు, సంచి పట్టీలు కుట్టు దారాన్ని లాగేస్తాయి. అత్తరు, సెంటు నేరుగా శాలువా మీద చల్లకూడదు.

సంరక్షణ

పష్మీనా జంతు మాంసకృత్తుతో చేసిన నూలు. వేడి, క్షారం, రాపిడి దానికి పడవు. మామూలు బట్టల సబ్బుపొడిలో క్షారం ఉంటుంది. వేడినీళ్లలో నలిపితే పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గుడ్డ కుంచించుకుపోతుంది. అందుకే ఉతకడం తగ్గించడమే మొదటి సూత్రం. ఒకసారి కప్పుకున్నంత మాత్రాన ఉతకక్కర్లేదు. నీడలో గాలికి కొన్ని గంటలు ఆరేస్తే చాలు.

ఉతకక తప్పనప్పుడు ముందు రంగు చూడాలి. తడిపిన తెల్ల గుడ్డను వెనుకవైపు ప్రతి రంగు దారం మీదా కాసేపు అదిమిపెట్టాలి. ముదురు ఎరుపు, నీలం దారాలు రంగు వదిలితే, లేదా తిల్లా పని ఉంటే, డ్రై క్లీనింగ్‌కే ఇవ్వాలి. రంగు నిలిస్తే చల్లని నీళ్లలో కుంకుడు రసం గానీ, గాఢత తక్కువున్న షాంపూ గానీ కలిపి, కొద్ది నిమిషాలు ముంచి, అరచేతులతో నొక్కాలి. ఉత్తర భారతంలోనూ కుంకుడు కాయ ఉన్ని, పట్టు బట్టలకు తరతరాల సబ్బు. పిండకూడదు, రుద్దకూడదు. మంచినీళ్లలో రెండుసార్లు జాడించి, తువ్వాలులో చుట్టి నీరు అద్ది, నీడలో చదునుగా పరిచి ఆరబెట్టాలి. తాడు మీద వేలాడదీస్తే తడి బరువుకు గుడ్డ సాగుతుంది. ఇస్త్రీ తక్కువ వేడి మీద, వెనుకవైపున, పలచని నూలు గుడ్డ పైన పరిచి చేయాలి.

దాచేటప్పుడు అసలు శత్రువు చిమ్మట. గుడ్డను తినేది రెక్కల పురుగు కాదు, దాని పిల్లలు. చెమట, నూనె, ఆహారపు మరకలు ఉన్నచోట అవి ముందుగా పడతాయి కాబట్టి, సీజను ముగిశాక శుభ్రం చేయకుండా బీరువాలో పెట్టకూడదు. మెత్తని నూలు గుడ్డలో చుట్టి పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో తేమ నిలిచి బూజు పడుతుంది. కోస్తా జిల్లాల ఉక్కపోతలో ఈ ప్రమాదం ఎక్కువ. ఎండిన వేపాకు పురుగును కొంత దూరం ఉంచగలదు, ఉన్న పురుగును చంపలేదు. కలరా ఉండలు వాడితే గుడ్డకు తగలకుండా విడిగా మూటకట్టి పెట్టాలి. పురుగు పట్టినట్లు అనుమానం వస్తే శాలువాను గాలి చొరని కవరులో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. మ్యూజియాల్లో వాడే గడ్డకట్టించే పద్ధతికి ఇది ఇంటి రూపం. రెండు మూడు నెలలకోసారి తీసి, గాలి తగలనిచ్చి, మడత మార్చి పెట్టాలి. ఒకే మడత మీద ఏళ్లు ఉంటే అక్కడే పోగు తెగుతుంది.

చిల్లు పడితే ఇంట్లో దారం వేసి బిగించకుండా రఫూగర్‌కు ఇవ్వడం మేలు. శ్రీనగర్‌లోనే కాక ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లా నజీబాబాద్‌లో తరతరాలుగా ఈ పని చేసే కుటుంబాలు ఉన్నాయి. పాత శాలువాల అంచులు విప్పి కొత్త గుడ్డకు అతకడం, తినేసిన చోట పోగు పోగు ఎక్కించి పువ్వును తిరిగి నిలబెట్టడం వాళ్ల వృత్తి. ఖ్వాజా యూసుఫ్ కాలంలో అమ్లీకి ఆధారమైన నేర్పు ఇదే. కొనేటప్పుడే సరిపోయే రంగు దారం కొంచెం అడిగి ఉంచుకుంటే, ముందుముందు ఆ పని సులువవుతుంది.

(సశేషం)